కొండవీటి రాజనగరు: దాని చరిత్రము, దాని పాటు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన పూర్వుల చరిత్రమునుండి యేదైన నొక విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పల్నాటిలో చరిత్రమునకు కొదవ లేదు. కారెంపూడిలో వీరుల గుడి యున్నది. మాచెర్లలో చెన్నకేశవస్వామి యున్నాడు. గురజాల పేరు చెప్పినంతనే నాయకురాలు నాగమ్మయు, బ్రహ్మనాయుడును, బాలచంద్రుడును మన కన్నులయెదుట నిలుతురు. కాని యా కథను మీరందఱును చిన్ననాటనుండి విని యున్నారు. ఆ వీరచరిత్రమును ద్విపదగా రచించెనని ప్రసిద్ధి కెక్కిన శ్రీనాథుడు ఏ కొలువున విద్యాధికారియై యుండెనో, ఆ కొలువు జరిగిన చోటికి నేడు మిమ్ము తోడ్కొని పోదలచితిని. అది కొండవీడు. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పల్నాడు జిల్లా యేర్పడి నరసరావుపేట దానికి ముఖ్యపట్టణమైనప్పుడు, యెడ్లపాడు మండలముతో గూడ కొండవీడును ఈ జిల్లాలోనికే వచ్చినది. కావున పల్నాటి సభలో కొండవీటి మాట యెత్తుట పొరుగింటి మాట యెత్తుట కాదు.

ఇప్పుడు కొండమీదికి బాట యేర్పడినది. సెలవుదినములలో మనవారు పిల్లలతో గూడ పోవుచున్నారు. కోటగోడలను జూతురు, కొండ కొనలమీద బురుజులను జూతురు, చెఱువులను, శిథిలమైన గుళ్ళను జూతురు. తుదకు పిల్లవాడొకడు, "రాజుగారి మేడ యేది?" యని యడుగును. పెద్దవారు నలుదెసల జూచి, గడ్డి మొలిచిన యొక రాళ్ళగుట్టను జూపి యూరకుందురు. పిల్లవాని యా ప్రశ్నమే నా యుపన్యాసమునకు విషయము. శత్రువులు చొఱరాని గోడ మిగిలినది. దేవుని గుడి కొంత మిగిలినది. ఆ గోడ యెవ్వరిని గాచుటకై కట్టబడెనో వారి నగరు మాత్రము మిగులలేదు. ఇది యేల జరిగెను? దానిని కూల్చినవా రెవ్వరు?

మొదట కొంత చరిత్రము. క్రీ. శ. 1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకొనెను. కాకతీయ ప్రతాపరుద్రుని రాజ్యము అంతరించెను. తెలుగుదేశము దిక్కులేనిదైన యా దినములలో తలయెత్తిన నాయకులలో ప్రోలయ వేమారెడ్డి యొకడు. ఆతడు అద్దంకి రాజధానిగా 1325 ప్రాంతమున స్వతంత్రుడయ్యెను. మహాభారత శేషమును తెనిగించిన యెఱ్ఱాప్రగడ ఆతని యాస్థానకవి. శ్రీశైలము నెక్కు యాత్రికులకు మెట్లు కట్టించినవాడును వేముడే. ఆతని కుమారుడు అనవోతారెడ్డి 1353లో సింహాసన మెక్కి రాజధానిని అద్దంకినుండి కొండవీటికి మార్చెను. చుట్టును కొండలు, నడుమ లోయ, కొండమీద నీరు, క్రింద నల్లరేగడి భూములు. రాజ్యమునకు కావలసిన రక్షణమును, తిండియు ఒక్కచోట కుదిరినవి.

అనవోతుని తరువాత ఆతని తమ్ముడు అనవేమారెడ్డి 1364 మొదలు 1386 వఱకును, పిమ్మట అనవోతుని కుమారుడు కుమారగిరిరెడ్డి 1402 వఱకును, ఆ పిమ్మట పెదకోమటి వేమారెడ్డి 1420 వఱకును, ఆతని కుమారుడు రాచవేమారెడ్డి 1424 వఱకును కొండవీటి నేలిరి. అనగా ఆ నగరున రెడ్డిరాజులు దీపము వెలిగించినది డెబ్బదియేండ్ల కించుక పైమాట. ఒక మనుష్యుని యాయుర్దాయ మంత కాలము! ఆ కొద్దికాలములో నచ్చట జరిగిన పని మాత్రము అల్పమైనది కాదు.

రాజనగరనగా రాజు నిదురించు నిల్లని యెంచరాదు. మొగసాల, కొలువుచావడి, ఆయుధశాల, వంటయిల్లు, అంతఃపురము, నాట్యశాల, లెక్కలు వ్రాయు కరణముల సావడి, ఇవి యన్నియు గలసి నగరగును. కొండవీటి నగరు విద్యకు గూడ నిల్లయినది. కుమారగిరి వసంతోత్సవములు జరిపించి కర్పూర వసంతరాయలని పేరు గాంచెను. ఆ యుత్సవములకు కావలసిన కర్పూరము, కస్తూరి మొదలగు సుగంధద్రవ్యములను ద్వీపాంతరములనుండి తెప్పించి యిచ్చిన వైశ్యప్రముఖుడు అవచి తిప్పయసెట్టి. ఆతనికే శ్రీనాథుడు హరవిలాసము నంకిత మొసగెను. ఆ కొలువున లకుమాదేవి నాట్యమాడెను. కుమారగిరి నాట్యశాస్త్రమును గూర్చి వసంతరాజీయమను గ్రంథమును రచించెను. ఆ గ్రంథము లుప్తమైనది. కాని యాతని బావమఱదియు సేనానియునైన కాటయవేముడు కాళిదాసుని మూడు నాటకములకును వ్రాసిన వ్యాఖ్యలలో దానినుండి గ్రహించిన లక్షణములు నేటికిని నిలిచి యున్నవి. శాకుంతలమును సంస్కృతమున జదువు విద్యార్థికి కాటయవేముని వ్యాఖ్య నేటికిని చేయూత. కత్తి పట్టిన చేతితోనే గంటము పట్టిన రోజు లవి.

పెదకోమటి వేముడు స్వయముగా పండితుడు. సాహిత్యచింతామణి యనియు, సంగీతచింతామణి యనియు శాస్త్రగ్రంథములు రచించెను. అమరుకశతకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్య సంతరించెను. వామనభట్టబాణుడు ఆతని చరిత్రమునే వేమభూపాలచరితమని సంస్కృత గద్యకావ్యముగా రచించెను. శ్రీనాథుడు ఆతనికి విద్యాధికారి. అనగా, నగరునకు వచ్చిన పండితులను పరీక్షించుటయు, రాజశాసనములను రచించుటయు ఆ మహాకవి చేతిలో నుండెను.

ఆ శాసనములలో రెండింటిని మీరు తప్పక జ్ఞాపకముంచుకొనవలెను. రెండును మన చేరువలోనివి. కొండవీటికొండ నానుకొని యున్న ఫిరంగిపురమున 1409వ సంవత్సరపు శాసనమొకటి కలదు. పెదకోమటి వేముని రాణి సూరాంబిక సంతానసాగరమను చెఱువును త్రవ్వించినట్లు అది చెప్పుచున్నది. అమీనాబాదున 1415వ సంవత్సరపు శాసనమొకటి కలదు. ఆ చెఱువునకు నీరు వచ్చుటకై రాజకుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువను త్రవ్వించినట్లు అది చెప్పుచున్నది. తల్లి చెఱువు త్రవ్వించెను. కొడుకు దానికి కాలువ తెచ్చెను. ఆ తల్లియు, కొడుకును నివసించిన నగరు లేదు. వారు రైతునకు నీరిచ్చిన మాట మాత్రము రాతిమీద చదువుకొనుటకు వీలుగా నున్నది.

ఈ రాచవేముని గూర్చియే వేఱొక కథ మన యూళ్ళలో వాడుకలో నున్నది. ఆతడు పురిటిసుంకము విధించెననియు, బిడ్డ పుట్టిన యింటినుండి పన్ను రాబట్టెననియు, దానికి రోసి సవరము ఎల్లయ్య యనువాడు నగరి వాకిటనే యాతనిని పొడిచి చంపెననియు ఆ కథ. కొండవీటి దండకవిలెనుండి కైఫీయతుల వఱకును ఆ కథ వచ్చినది. మనవారిలో కొందఱు దీనిని వినినంతనే కోపింతురు. కొందఱు దీనిని వినుటకే యిష్టపడరు. చరిత్రము చదువువాడు అట్లు చేయరాదు. కాలువ త్రవ్వించిన యువరాజును శాసనము చెప్పుచున్నది. పన్నులు పిండిన రాజును జనుల నోరు చెప్పుచున్నది. శాసనమును రాజోద్యోగి వ్రాసెను. కథను పన్ను కట్టినవాడు చెప్పెను. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలెను గాని, మనకు నచ్చినదానిని ఉంచుకొని నచ్చనిదానిని చెఱపరాదు. పొగడ్తను మాత్రమే దాచుకొను జాతికి స్తోత్రపాఠము మిగులును గాని చరిత్రము మిగులదు.

1424లో రెడ్ల ప్రభుత్వ మంతరించి కొండవీటి సీమ విజయనగరమువారి వశమయ్యెను. 1454 ప్రాంతమున ఒడ్డెదేశపు కపిలేశ్వర గజపతి దీనిని గెలుచుకొనెను. 1515వ సంవత్సరము జూను 23వ తేదీన శ్రీకృష్ణదేవరాయలు కోటను పట్టుకొని, ప్రతాపరుద్ర గజపతి కుమారుడైన వీరభద్రుని చెఱబట్టెను. అంతట కోట తిమ్మరుసు మంత్రి యధికారములోనికి వచ్చెను. తిమ్మరుసు మేనల్లుడైన నాదెండ్ల గోపమంత్రి కొండవీటి నేలుచు, ప్రబోధచంద్రోదయమను సంస్కృత నాటకమునకు చంద్రిక యను వ్యాఖ్య వ్రాసెను. రాజులు మాఱిరి గాని ఆ కొండమీద గంటము చప్పుడు ఆగలేదు. 1531లోను, మఱల 1536లోను గోలకొండ సుల్తాను కులీ కుతుబు షా దండెత్తెను. తుదకు 1579లో కొండవీడు కుతుబుషాహీలకు స్థిరపడి ముర్తజానగరమయ్యెను. 1687లో గోలకొండ పడిన పిమ్మట మొగలాయీలకును, ఆ పిమ్మట నిజామునకును, కొంతకాలము పరాసువారికిని లోబడి, 1788లో గుంటూరు సర్కారుతో గూడ ఇంగ్లీషు కంపెనీవారి చేతికి వచ్చెను.

ఇన్ని చేతులు మాఱిన కోటలో మేడను కూల్చినవాడెవ్వడు? సభలలో ఈ ప్రశ్నమునకు వెంటనే ఉత్తరము వచ్చును. ఒకరు గజపతులందురు. ఒకరు రాయలందురు. ఒకరు తురకలందురు. దోషమును మోయుటకు పరాయివాడొకడు దొరికినచో మన మనస్సు నెమ్మదించును. నే నాలోచించినంతలో దీనికి కారణములు నాలుగు. వానిలో యుద్ధ మొక్కటి మాత్రమే.

మొదటి కారణము కట్టడపు సరకు. మన దేశమున దేవునికి రాయియు, మనుష్యునికి కఱ్ఱయు నని యొక సంప్రదాయముండెను. గుడిని అడుగునుండి శిఖరము వఱకు శిలతో గాని, శిలయు నిటుకయు గలిపి గాని కట్టిరి. నగరునకు మాత్రము అధిష్ఠానము రాతితో కట్టి, దానిపై కఱ్ఱస్తంభములు నిలిపి, దూలములు, వాసములు వేసి, ఇటుకగోడలకు గచ్చు పూసిరి. అనవేమారెడ్డి శ్రీశైలమున కట్టించిన వీరశిరోమండపము శిలామయము గనుక నేటికిని నిలిచి యున్నది. ఆ యనవేముడే నివసించిన నగరు నిలువలేదు. కఱ్ఱను చెద తినును, నిప్పు తినును, వాన తినును. కప్పు పడినచో ఇటుకగోడ నాలుగు వర్షకాలముల కోర్వదు.

కొండవీటి కొక్కదానికే కలిగిన గతి కాదిది. హంపీ విజయనగరమును చూడుడు. 1520 ప్రాంతమున వచ్చిన పేసు అను పోర్చుగీసువాడు రాయల నగరులో క్రిందినుండి మీదివఱకు దంతముతో కూర్చిన గదిని జూచి యాశ్చర్యపడి వ్రాసెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమైన తరువాత ఆ పట్టణము నాశనమయ్యెను. నేడు విఠ్ఠలాలయమున్నది, విరూపాక్షుడున్నాడు, మహర్నవమిదిబ్బ యున్నది. దంతపు గది నుండిన నగరు లేదు. త్రవ్వినచోట రాతి యధిష్ఠానములును, కఱ్ఱస్తంభములను నిలిపిన గుంటలును బయటపడినవి. దీనికి ప్రతిగా చంద్రగిరిలోని రాజమహలును చూడుడు. కఱ్ఱ యుపయోగింపక రాయి, ఇటుక, సున్నములతోనే కట్టిరి గనుక నాలుగువందల యేండ్లుగా నిలిచి యున్నది. ఇంటి యాయుష్షు దాని కప్పులో నున్నదని మన తాపీపనివారు చెప్పు మాట నిజము.

రెండవ కారణము యుద్ధము. దీనిని కాదనుట నా యుద్దేశము కాదు. ఓరుగల్లులో 1323లో జరిగినది బుద్ధిపూర్వకమైన విధ్వంసము. కోట నడుమ స్వయంభూదేవుని గుడిని కూల్చి, స్తంభములను, దూలములను నేలపై పఱచి, నాలుగు తోరణములను మాత్రము నిలిపి యుంచిరి. రాజు నగరును, రాజు కొలిచిన దేవుని గుడియు రాజ్యాధికారమునకు గుర్తులు. గుర్తును చెఱిపినగాని క్రొత్తవాని యధికారము లోకమునకు తెలియదని జయించినవా రెంచిరి. మన రాజులును పరరాజ్యములపై దండెత్తినప్పుడు అగ్గి పెట్టక మానలేదు. కాని కొండవీటి విషయమున ఒక భేదము గమనింపుడు. ఇక్కడికి వచ్చిన ప్రతి విజేతయు ఇచ్చటనుండియే సీమను పాలించెను. అట్టివానికి గోడలు కావలెను, చావడి కావలెను, నీరు కావలెను. అట్టివాడు ఒక కప్పు తీసి వేఱొక కప్పు వేయును. ఒక గది కూల్చి దాని రాతితో వేఱొక గది కట్టును. కొండవీటి నగరు ఒక్కనాటి వేటున పడినది కాదు. ఒకరి తరువాత నొకరు మార్చగా మార్చగా మొదటి రూపము పోయినదని నా నిశ్చయము.

మూడవ కారణము అధికారము కొండ దిగుట. ఫిరంగులు వచ్చిన పిమ్మట కొండకోటకు వెనుకటి విలువ తగ్గెను. కచ్చేరీలు పల్లమునకు దిగి గుంటూరు పెరిగెను. కొండమీద కొలువు లేనప్పుడు కావలివాడేల? కావలివాడు లేనప్పుడు కప్పు కూలిన నెత్తువాడెవ్వడు? పట్టుకొన్న శత్రువుకంటె విడిచిపోయిన యజమానుడే యింటికి ఎక్కువ కీడు చేయును. ఈ మాటకు సాక్ష్యము మన పల్లెలలోనే కలదు. పట్టణములకు తరలిపోయిన కుటుంబముల మండువాయిండ్లను ఎవ్వరు కూల్చుచున్నారు? ఎవ్వరును కాదు. తాళము వేసి పోయినారు, అంతే.

నాలుగవ కారణము చెప్పుట కష్టము. అది మనమే. విడిచిన కట్టడమునుండి చెక్కిన రాయి దొరకునప్పుడు, క్రొత్త రాయి కొట్టించువా రుండరు. ఒకరు గడపకు, ఒకరు గట్టునకు, ఒకరు దొడ్డిగోడకు, ఒకరు చాకిరేవు బండకు రాళ్ళను దొరలించుకొని పోవుదురు. అమరావతి కథ మీ రెఱుగుదురు. పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట పట్టణము కట్టించునప్పుడు ఇటుకకొఱకు దీపాలదిన్నెను త్రవ్విరి. ఆ దిన్నెయే మహాస్తూపమని ఆనా డెఱిగినవారు లేరు. ఆ ప్రభువు దాత, భక్తుడు, అనేక దేవాలయముల నుద్ధరించినవాడు. ఆతని కాలమున జరిగినది ద్వేషముచేత జరిగిన నాశనము కాదు, తెలియకపోవుటచేత జరిగినది. ఆ చలువరాతి శిల్పములలో మిగిలినవానిని చూడవలెనన్నచో నేడు చెన్నపట్టణమునకును, లండనునకును పోవలెను.

రాయి తీసికొనిపోవువానికంటె కీడు చేయువాడు నిక్షేపములకై త్రవ్వువాడు. రాజుల కొండయనగా బంగారపు బిందెలుండునని యొక పిచ్చి. అమావాస్యనాటి రాత్రి గడ్డపాఱతో పోయి గర్భగుడిని పెకలింతురు, నంది కడుపు పగులగొట్టుదురు, అధిష్ఠానపు మూలరాయి నెత్తుదురు. వారికి దొరకునది మన్ను. మనకు పోవునది చరిత్రము. ఏ రాయి యేచోట నుండెనో, ఏ గోడ యే గోడకు కలిసెనో తెలుపు సాక్ష్యము ఆ గోతిలో నశించును. మఱల ఎట్టి పండితుడును దానిని కూర్పజాలడు. భూమిలో దొరకిన నిక్షేపమును కలెక్టరునకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టమే విధించుచున్నది. చట్టము తెలియనివారు కొందఱు, తెలిసి లెక్కింపనివారు కొందఱు. ఈ గడ్డపాఱను ఏ గజపతియు పంపలేదు, ఏ సుల్తానును పంపలేదు.

మహాజనులారా! మన జిల్లాలోనే దీనికి ప్రతియైన కథ యొకటి కలదు. అది నాగార్జునకొండ. 1926లో మాచెర్ల ప్రాంతపు ఉపాధ్యాయుడు సూరపరాజు వేంకటరామయ్యగారు ఆ లోయలో ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసిరి. శాసనశాఖనుండి సరస్వతిగారు వచ్చి చూచిరి. పిమ్మట త్రవ్వకములు జరిగి ఇక్ష్వాకుల విజయపురి బయటపడినది. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపనము జరిగినది. లోయ మునిగిపోవుట నిశ్చయమైనది. అయినను 1954 మొదలు 1960 వఱకు ఆ లోయ నంతటిని త్రవ్వి, కొలిచి, పటములు వ్రాసి, ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని కొండమీదను, అనుపులోను మఱల నిలిపిరి. నేడు ఆ రాజధానిమీద కృష్ణ నిలిచి యున్నది. అయినను ఇక్ష్వాకుల కోట యెచ్చట, ఘట్టమెచ్చట, విహారమెచ్చట, క్రీడారంగమెచ్చట నని మన బడిపిల్లవాడును పటముమీద వ్రేలు పెట్టి చూపగలడు.

ఈ రెండింటిని పోల్చుడు. నాగార్జునకొండ మునిగినది గాని పోలేదు. కొండవీడు మునుగలేదు గాని పోవుచున్నది. ఒకటి నీటిలో నుండియు తెలియుచున్నది. ఇంకొకటి యెండలో నుండియు తెలియకున్నది. కట్టడమునకు నాశనము తప్పదు. వ్రాసికొనక ముందే నశించుట మాత్రము తప్పింపదగినది. నేను చెప్పవచ్చినది ఈ యొక్క మాటయే.

వ్రాసికొనినవారివలననే మనకీ మాత్రమైనను మిగిలినది. కర్నలు మెకంజీ పంపగా కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు మన తెలుగు సోదరులు ఊరూర తిరిగి, కరణముల కవిలెలను జూచి, వృద్ధులను విచారించి కైఫీయతులు వ్రాయించిరి. కవిలెలు తరువాత చెదలపాలైనవి, కైఫీయతులు నిలిచినవి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు శాసనములను, కావ్యములను, కవిలెలను శోధించి రచించిన రెడ్డిరాజ్యముల చరిత్రమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు 1948లో ప్రకటించిరి. ఆ మహానుభావుడు రెడ్డి కాదు. సత్యము కొఱకు శ్రమించిన యొక పండితుడు. ఆయన గ్రంథము మన గ్రామములలో ఎన్ని యిండ్లలో నున్నదో మనమే చెప్పుకొనవలెను.

ఈ సందర్భమున నిష్ఠురమైనను ఒక మాట చెప్పవలసి యున్నది. కొండవీటిరాజులు మనవారని మనము పొంగుదుము, పెండ్లిపత్రికలలో వారి పేర్లు వేయింతుము, మహాద్వారములకు పెట్టుదుము. అందు తప్పు లేదు. కాని యా నగరును కట్టినవారు రాయి కొట్టిన వడ్డెరలు, చెక్కిన శిల్పులు, దూలము తీర్చిన వడ్రంగులు, సున్నము కాల్చిన కూలివారు. దానిలో లెక్కలు వ్రాసినవారు నియోగులు. పరిమళము తెచ్చినవాడు వైశ్యుడు. పద్యము చెప్పినవాడు బ్రాహ్మణుడు. పన్ను కట్టినవారు పదునెనిమిది జాతులవారు. కొండ క్రింద గోపీనాథస్వామి గుడిని, కత్తులబావిని గూర్చి యొక ఐతిహ్యము కలదు. దైవదర్శనమునకని నాయకుల నొక్కొక్కరినే లోనికి పిలిచి చంపిరని చెప్పుదురు. ఆ కథను పట్టుకొని ఈనాటికిని ఒక కులమువారిపై ఇంకొక కులమువారు కన్నెఱ్ఱ జేయుట కలదు. అయిదువందల యేండ్లనాటి పగను కాపాడుకొనుచున్నాము. అదే కాలపు రాతిని కాపాడుకొనుట లేదు. దాచవలసినది విడిచి, విడువవలసినది దాచుట వివేకము కాదు.

కావున ఈ సభవారికి మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది. కొండవీటి చుట్టుపట్ల గ్రామములలోని మన యువకులు, పురావస్తుశాఖవారి యనుమతితో, వారి పర్యవేక్షణమున, తమ యూరిలోను, పొలములలోను ఉన్న శాసనములను, చెక్కిన రాళ్ళను, పాత బావులను, గట్లను ఒక పట్టికగా వ్రాయవలెను. ఎచ్చట నున్నది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఛాయాచిత్రము. ఈ నాలుగును చాలును. నేడు ప్రతివాని జేబులోను ఛాయాచిత్రము తీయు యంత్రమున్నది. రాతిని కదల్పవలదు, శాసనముపై సున్నము గాని రంగు గాని పూయవలదు. చూచి వ్రాయుటయే పని.

రెండవది. కొండమీద మన పేర క్రొత్త మండపములు, విగ్రహములు నిలుపవలెనను కోరిక పోషకులలో కొందఱికి కలదని వింటిని. వారి యౌదార్యమునకు నమస్కరించుచున్నాను. కాని పాత యధిష్ఠానమును చదును చేసి దానిపై క్రొత్త మండపము కట్టినచో, తాతగారి వ్రేలిముద్రను తుడిచి ఆ కాగితముపైననే ఆయన చిత్తరువు గీసినట్లగును. విగ్రహము నిలుపదలచినచో పల్లమున నిలుపుడు. కొండమీదికి పంపు ధనమును కొలతలు తీయుటకును, ముండ్లచెట్లను జాగ్రత్తగా తొలగించుటకును, కావలివానికి జీతమిచ్చుటకును సర్కారువారితో గలసి వినియోగింపుడు. ఒక కావలివాని జీతము ఒక విగ్రహముకంటె ఎక్కువ చరిత్రమును రక్షించును.

మూడవది. మన సంఘపు వసతిగృహములలో చదువుకొను బాలబాలికలలో ఏటేట ఇద్దఱికైనను సంస్కృతమును, ప్రాచీనలిపులను, శాసనపరిశోధనమును అభ్యసించుటకు విద్యార్థివేతన మీయుడు. వైద్యులను, ఇంజనీర్లను పంపుచున్నాము, సంతోషము. కాని పెదకోమటి వేముని శాసనమును వేముని వంశమువారమనుకొను మనలో చదువగలవా రెందఱు? తాత వ్రాసిన జాబును పొరుగువానిచేత చదివించుకొను దుఃస్థితి యింకెంత కాలము?

సూరాంబిక చెఱువు త్రవ్వించెను. నగరు కట్టించెనని యే శాసనమును ఆమెను పొగడలేదు. ప్రోలయ వేముడు మెట్లు కట్టించెను. ఆ పేరు యాత్రికుల నోట నేటికిని నిలిచినది. కాటయవేముడు వ్యాఖ్య వ్రాసెను. అది ఆఱువందల యేండ్లుగా విద్యార్థికి దారి చూపుచున్నది. తమకొఱకు కట్టుకొన్నది పోయినది. ఇతరులకొఱకు చేసినది మిగిలినది. పోయిన నగరును మఱల నిలుపుట మనకు శక్యము కాదు, అవసరమును లేదు. మిగిలిన పునాదిని చెఱుపకుండుటయు, చెఱుపకముందే వ్రాసికొనుటయు శక్యము. "రాజుగారి మేడ యేది?" యని యడుగు పిల్లవానికి, "మేడ పోయినది నాయనా, అది యుండిన చోటిది, దాని కొలత యిది, దానిలో వ్రాసిన పుస్తకములివి" యని చెప్పగలిగిన నాడు మన ఋణము కొంత తీఱును.